ఏం కూరండీ?

ఆన్‌లైన్ డిగ్రీలో ఏ లోటూ లేదు. పాఠం ఉంది, పాఠానికి రికార్డింగ్ ఉంది, ఆ రికార్డింగును రెండింతల వేగంతో పరిగెత్తించే సదుపాయమూ ఉంది. లేనిదల్లా పక్కన కూర్చునే మనిషి. అది సిలబస్‌లో లేదు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

మా మేనకోడలు ఎంబీఏ ఇలాగే వెలగబెడుతోంది. రాత్రి ఎనిమిదికి లైవ్ క్లాసు. సారు తెర మీదికొచ్చి ‘ఆడిబులేనా?’ అంటారు. ‘ఎస్ సార్’లు జలజలా రాలతాయి. ఆపైన గంటసేపు చడీచప్పుడుండదు. చివర్న మళ్లీ ‘థాంక్యూ సార్’ల వాన. ఆ మధ్యలో ఫోన్లన్నీ క్లాసులోనే ఉంటాయి, మనుషులే మెట్రోలోనో, మంచం మీదో, పెళ్లి భోజనాల బంతిలోనో ఉంటారు. వెనక బెంచీ రద్దయిందని కొందరు బాధపడుతున్నారు గానీ, నిజానికి రద్దయింది ముందు బెంచీ.

ఉత్సాహం సడలకుండా మెయిళ్లొస్తాయి. ‘ప్రియమైన విద్యార్థీ, నువ్వు 4 శాతం కోర్సు పూర్తి చేశావు. అద్భుతం, ఆగకు!’ మూడు నెలలుగా అదే మెయిలు, అదే 4 శాతం. పిల్ల ఎప్పుడో ఆగింది. అభినందనలే ఆగడం లేదు.

దూరవిద్య మనకేం కొత్త కాదు. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాద్‌లోనే పుట్టింది. ఇప్పుడు దాని పేరు అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. దాని తొలి వీసీ జి. రాంరెడ్డి గారే 1985లో ఇగ్నోకూ తొలి వీసీ అయ్యారు. అయితే ఆ పాతకాలపు పెద్దలకు టెక్నాలజీ తెలియక, స్టడీ సెంటర్లు తెరిచి ఆదివారాలు క్లాసులు పెట్టించారు. దాంతో బస్సు కండక్టరూ, కోర్టు గుమాస్తా, ఇద్దరు పిల్లల తల్లీ ఒకే బెంచీ మీద ఇరుక్కోవాల్సి వచ్చింది. మధ్యాహ్నం డబ్బాలు విప్పితే ఒకరి ఆవకాయ ఇంకొకరి పెరుగన్నంలోకి వెళ్లేది. ‘ఈ ఏడాది పరీక్ష ఎగ్గొడతానన్నా’ అన్నవాణ్ణి పక్కవాడు నాలుగు తిట్టి హాలుదాకా లాక్కెళ్లేవాడు. ఇలాంటి అసౌకర్యాలన్నిటినీ ఇప్పటి డిగ్రీలు విజయవంతంగా తొలగించాయి.

ఇప్పుడు మాట్లాడుకోవడానికి ప్రత్యేక ఏర్పాటుంది. దాన్ని బ్రేకౌట్ రూమ్ అంటారు. మొన్న ఒక కేస్ స్టడీ ఇచ్చి, అయిదుగుర్ని పది నిమిషాలు అందులో పెట్టి తలుపేశారు. అయిదు నల్లటి గళ్లు. ఎవరో ‘హలో’ అన్నారు. జవాబు లేదు. అంతలో ఒకరు మ్యూట్ మరిచారు, వాళ్లింట్లో కుక్కర్ కూత పెట్టింది.

‘ఏం కూరండీ?’ అంది ఒక గొంతు.

‘పప్పు పెట్టానండీ. మీదో?’

‘సొరకాయ పులుసు.’

‘నాకు మ్యాగీ అండీ,’ అన్నాడు పుణెలో ఒంటరిగా ఉంటున్న కుర్రాడు. అంతే, నలుగురికీ ప్రాణం లేచొచ్చింది. చింతపండు ఎంత, మిరియాలు ఎన్ని, పోపు ముందా వెనకా అని ఆ కుర్రాడికి చారు పెట్టడం నేర్పేశారు. ఒకావిడ కెమెరా ఆన్ చేసి పోపులపెట్టె కూడా చూపించింది. సెమిస్టరు మొత్తంలో మా మేనకోడలు నోట్సు రాసుకున్నది ఆ ఒక్క పూటే. ఇంతలో సారొచ్చి, ‘ప్లీజ్, అందరూ మ్యూట్‌లోకి వెళ్లండి’ అన్నారు.

సంగతి పైదాకా పోయింది. వాళ్లు మాత్రం తక్కువ తిన్నారా, కమిటీ వేశారు. విద్యార్థుల మధ్య ఆత్మీయత కుక్కర్ వల్ల పెరుగుతోందని కమిటీ తేల్చింది. దాంతో సర్క్యులర్ వచ్చింది: ఇకపై ప్రతి గురువారం సాయంత్రం 4 నుంచి 4.10 దాకా ‘అనుకోకుండా జరిగే ముచ్చట్లు’. హాజరు తప్పనిసరి, అయిదు మార్కులు, కూర పేరు ముందురోజే పోర్టల్‌లో అప్‌లోడ్ చేయాలి. గడువు దాటితే మార్కుల కోత.

మొదటి గురువారం అందరూ చేరారు. సారు ‘ఊఁ, మాట్లాడుకోండి’ అన్నారు. రెండు నిమిషాలు గడిచాక చాట్‌లో ఒక ప్రశ్న పడింది: ‘సార్, దీని రికార్డింగ్ పెడతారా?’