జ్వరానికో తారీకు

కోనసీమలో మురమళ్ళ వీరేశ్వరస్వామికి రోజూ పెళ్లే. దక్షయజ్ఞం ధ్వంసం చేసి కోపంతో ఊగిపోతున్న ఆయన్ని ఈ గౌతమీ తీరాన మునులు భద్రకాళినిచ్చి చల్లబరిచారని స్థలపురాణం. అప్పట్నించీ పెళ్లికొడుకు ఒక్కరోజు సెలవు పెట్టలేదు. సంబంధాలు కుదరనివాళ్లు ముందే టికెట్టు తీసుకుని, తమకు వచ్చిన తారీకున కల్యాణం చేయించుకుని వెళ్తారు. పెళ్లికి తారీకు ఇస్తే ఎవరూ కాదనరు. అదే పద్ధతి జ్వరాలకూ పెట్టొచ్చని కనిపెట్టిన బుర్రకు మాత్రం దండం పెట్టాల్సిందే.

2023 ఏప్రిల్ 6న పల్నాడు జిల్లా లింగంగుంట్లలో మొదలైన ఫ్యామిలీ డాక్టర్ పథకం లెక్క చూడండి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి ఇద్దరు డాక్టర్లు. ఒకరు కుర్చీలో ఉంటే రెండోవారు 104 బండితో పల్లెలకు వెళ్లాలి. ఊరికి నెలకు రెండుసార్లు. బీపీ, షుగరు ఉన్న ముసలివాళ్లకు బిళ్లల కోసం బస్సెక్కే బాధ తప్పుతుంది. కాదంటే కళ్లు పోతాయి. పేచీ అంతా మిగతా రోగాలతోనే. పురిటినొప్పులకు క్యాలెండరు చదవడం రాదు. వరిచేలో పాముకు టూరు ప్రోగ్రాం ఎవరూ పంపరు.

పేర్ల దగ్గర మాత్రం ఎవరినీ తప్పుపట్టలేం. 2007లో రాజీవ్ ఆరోగ్యశ్రీగా పుట్టిన పేదల వైద్య పథకం రాష్ట్రం విడిపోయాక ఎన్టీఆర్ వైద్యసేవ అయింది, 2019లో సర్కారు మారాక వైఎస్సార్ ఆరోగ్యశ్రీ అయింది, 2024లో తిరిగి ఎన్టీఆర్ వైద్యసేవ అయింది. పల్లెల్లో వేళ తప్పకుండా వైద్యం అందుతున్నది బోర్డులకే.

అర్ధరాత్రి ఫోన్ చేస్తే మోటారు సైకిలేసుకుని వచ్చేది ఆరెంపీ. పేరు ముందు డాక్టరని రాసుకోకూడదంటుంది చట్టం. డాక్టరుగారనే పిలుస్తుంది ఊరు. ఆయన సూదిలో అక్కర్లేని స్టెరాయిడ్డు ఉండొచ్చు, దాంతో ఎముకలకు చేటు రావచ్చు. అయినా పంట చేతికొచ్చాక ఇద్దువుగాని అనే వైద్యుడు ఇంకెక్కడ దొరుకుతాడు? ఆయన్ని తిట్టిపోసే పెద్దలు ఆ అర్ధరాత్రి డ్యూటీకి ఇంకొకర్ని పంపిస్తే బాగుండును.

కేసు ముదిరితే ఎదుర్లంక వంతెన ఉంది. పంటు మీద గోదారి దాటే రోజుల్నించి 2002లో వచ్చిన ఆ బాలయోగి వారధే గట్టెక్కించింది. దాటగానే యానాం, అది పుదుచ్చేరి రాజ్యం. ఇక్కడి రోగి అక్కడ పొరుగు రాష్ట్రపువాడు. ఇంకా ముందుకెళ్తే కాకినాడ పెద్దాసుపత్రి. కోనసీమకు 2022లో సొంత జిల్లా వచ్చింది, సొంత కలెక్టరు వచ్చారు. గట్టి దెబ్బ తగిలితే దారి మాత్రం పాతదే.

ఈ సంగతులన్నీ విని, కొబ్బరి దింపు తీసే కుర్రాడొకడు మోకు భుజానేసుకుంటూ అన్నాడు:

"మా ఊరికి డాక్టరుగారొచ్చేది మంగళవారవండి. రైతుగారేమో దింపు సోమవారం పెట్టుకున్నారండి. ఒక్కరోజు వెనక్కి జరపమని అడిగి చూత్తానండి, ఆయ్."