వాడినంతకే చెల్లింపు అనే ఫలశ్రుతి

కంప్యూటర్లను కొనకుండా, వాటిని నిలపడానికి గది కట్టకుండా, వాటిని చల్లబరిచే యంత్రాల కరెంటు బిల్లు కంటపడకుండా, కావలసిన గణన సామర్థ్యాన్నీ నిల్వ స్థలాన్నీ ఎక్కడో ఉన్న డేటా సెంటర్ నుంచి ఇంటర్నెట్ మీదుగా అద్దెకు తెచ్చుకొని, వాడినంతకే డబ్బు కట్టే ఏర్పాటును క్లౌడ్ కంప్యూటింగ్ అంటారు. దీనిని కీర్తిస్తూ గత ఇరవై ఏళ్లలో వెలువడిన ప్రచార పత్రాలు, సదస్సుల ప్రసంగాలు, సలహా సంస్థల నివేదికలు అన్నీ కలిసి ఒక స్తోత్ర వాఙ్మయంగా పెరిగాయి. స్తోత్రమన్న తరువాత ఫలశ్రుతి ఉండాలి కనుక దీనికీ ఒకటి ఉంది: క్లౌడ్‌కు మారిన సంస్థకు ఖర్చు తగ్గుతుంది, చింత తొలగుతుంది, వద్దనుకున్న నాడు చేతులు దులుపుకొని వెళ్లిపోయే స్వేచ్ఛ కలుగుతుంది. ఫలశ్రుతి విన్నవాడు బిల్లు చదవడన్న నమ్మకం మీద ఈ పరిశ్రమ నిశ్చింతగా నిలబడి ఉంది.

ఆలోచన మాత్రం కొత్తది కాదు. గణన సామర్థ్యం కూడా ఏదో ఒకనాడు టెలిఫోను లాంటి ప్రజోపయోగ సేవగా మారవచ్చునని కంప్యూటర్ శాస్త్రవేత్త జాన్ మెకార్తీ 1961లోనే ఎం.ఐ.టి. శతవార్షికోత్సవాల్లో చెప్పాడు, ఒకే పెద్ద యంత్రాన్ని పలువురు ఒకేసారి పంచుకొనే టైమ్ షేరింగ్ పద్ధతి ఆ దశాబ్దంలోనే అమలులోకి వచ్చింది. అమెజాన్ 2006 మార్చిలో నిల్వ స్థలాన్నీ, ఆగస్టులో సర్వర్లనూ అద్దెకు పెట్టడంతో ఆ ఆలోచన వ్యాపారమయింది. 2008లో ఒరాకిల్ అధిపతి లారీ ఎలిసన్ క్లౌడ్ అన్నదంతా ఫ్యాషన్ పిచ్చి అని ఎద్దేవా చేశాడు. అదే ఒరాకిల్ నేడు తన క్లౌడ్ ఆదాయాన్ని చూపి మదుపరులను మురిపిస్తోంది. ఏ ఎండకు ఆ గొడుగు పట్టడం వ్యాపారంలో దోషం కాదు గనుక ఆ సంగతి అలా ఉంచవచ్చు. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2011లో ఇచ్చిన నిర్వచనం క్లౌడ్‌కు ఐదు లక్షణాలు చెప్పింది: అడిగిన వెంటనే దొరకడం, నెట్‌వర్క్ మీద ఎక్కడి నుంచైనా అందడం, వనరులు పలువురికి ఉమ్మడిగా ఉండడం, అవసరాన్ని బట్టి చప్పున పెరగడం తరగడం, వాడకాన్ని కొలవడం. మొదటి నాలుగు లక్షణాలు ప్రకటనలో కనిపిస్తాయి, ఐదవది నెలాఖరున కనిపిస్తుంది.

కొలత దేనికన్నదే ఇక్కడ అసలు మీమాంస. సర్వర్ పని చేసినా చేయకపోయినా, ఆన్ చేసి ఉన్నంతసేపూ మీటరు తిరుగుతూనే ఉంటుంది. ప్రయోగం కోసం తెరిచిన యంత్రాన్ని మూసేసినా, దానికి తగిలించిన డిస్కును విడిగా తొలగించకపోతే ఆ డిస్కు అద్దె పెరుగుతూనే ఉంటుంది. ఇంటర్నెట్‌లో యంత్రానికి చిరునామాగా ఉండే పాత తరహా ఐపీ సంఖ్యకు కూడా అమెజాన్ 2024 ఫిబ్రవరి నుంచి గంటకు అర సెంటు వసూలు చేస్తోంది. వినడానికి చిల్లర గానీ, ఒక్కో సంఖ్యకు ఏడాదికి సుమారు 44 డాలర్లు. ఇలాంటి పద్దులు వందలకొద్దీ చేరి బిల్లు ఎంత గహనమైపోయిందంటే, దానికి భాష్యం చెప్పడమే ఒక వృత్తి అయింది. ఆ వృత్తికి ఫిన్‌ఆప్స్ అని పేరు, దానికొక అంతర్జాతీయ ఫౌండేషన్, పరీక్షలు, పట్టాలు కూడా ఉన్నాయి. లెక్కల గుమాస్తాను తప్పించుకోవడానికి క్లౌడ్‌కు మారిన సంస్థ చివరకు క్లౌడ్ లెక్కల కోసం మరింత ఎక్కువ జీతం మీద గుమాస్తాను పెట్టుకోవడం ఈ శాస్త్రం సాధించిన పురోగతి.

ఆ భాష్యకారులు చెప్పే ప్రధాన ప్రాయశ్చిత్తం మరీ ముచ్చటైనది. ఖర్చు తగ్గాలంటే ఒక ఏడాదికో మూడేళ్లకో ఇంత వాడుకుంటామని ముందే మాట ఇవ్వాలి. ఇస్తే అమెజాన్ పొదుపు పథకాలలో 72 శాతం వరకు రాయితీ వస్తుంది. మాట ఇచ్చిన తరువాత వాడకపోయినా డబ్బు కట్టక తప్పదు. వాడినంతకే చెల్లింపు అన్న సిద్ధాంతంలో చవకగా బతకాలంటే వాడకపోయినా చెల్లిస్తానని పత్రం రాసి ఇవ్వాలన్నమాట. ఇక రాయితీ లేని ధర ఎవరికోసమన్న ప్రశ్నకు, ఫలశ్రుతిని అక్షరాలా నమ్మినవారి కోసమన్నదే సమాధానం. క్లౌడ్ మీద పెడుతున్న ఖర్చులో నాలుగో వంతుకు పైగా వృథా పోతోందని ఆ సేవలు కొనే సంస్థలే ఫ్లెక్సెరా అనే సంస్థ ఏటా జరిపే సర్వేలో ఒప్పుకొంటున్నాయి. దానిని, 2025లో ప్రపంచం పబ్లిక్ క్లౌడ్ మీద 72,340 కోట్ల డాలర్లు ఖర్చు చేస్తుందన్న గార్ట్‌నర్ సంస్థ అంచనాకు అన్వయిస్తే, వృథా ఒక్కటే 18 వేల కోట్ల డాలర్లు దాటుతుంది. అయినా పరిశ్రమ నివేదికలలో ఈ మొత్తమంతా వృద్ధి అన్న ఒకే పద్దు కిందకు వస్తుంది. కొనేవాడి వృథా అమ్మేవాడి పుస్తకంలో ఆదాయమే కదా.

ఇంతకన్నా రసవత్తరమైన ఘట్టం నిష్క్రమణ. డేటాను క్లౌడ్‌లోకి చేర్చడానికి రుసుము లేదు, బయటికి తీయడానికి ఉంది. అమెజాన్ అమెరికా కేంద్రాలలో ఒక గిగాబైటును నెల రోజులు దాచి ఉంచడానికి సుమారు 2.3 సెంట్లు తీసుకుంటే, అదే గిగాబైటును ఇంటర్నెట్ మీదుగా వెనక్కి పంపడానికి మొదటి అంచెలో 9 సెంట్లు తీసుకుంటుంది. అంటే ఒకసారి బయటికి రావడానికి అయ్యే ఖర్చుతో దాదాపు మరో నాలుగు నెలలు లోపలే ఉండవచ్చు. సామాను దింపుకొనేటప్పుడు కూలీలను ఉచితంగా పంపి, ఖాళీ చేసేటప్పుడు మాత్రం అద్దెవాడి సొంత మంచాన్నీ బీరువానూ గడప దగ్గర తూకం వేసి కిలోకింత అని వసూలు చేసే ఇంటి యజమానిని ఏ ఊళ్లోనైనా పది మంది కూడి నిలదీస్తారు. ఇక్కడ ఆయనను సాంకేతిక భాగస్వామి అని పిలుస్తారు. 2024లో గూగుల్ జనవరిలోనూ, అమెజాన్, మైక్రోసాఫ్ట్ మార్చిలోనూ, పూర్తిగా విడిచి వెళ్లిపోయేవారికి ఈ రుసుము మాఫీ చేస్తామని ఉదారంగా ప్రకటించాయి. ఐరోపా సమాఖ్య డేటా చట్టం ఆ జనవరిలోనే అమలులోకి వచ్చిందన్న విషయం ఆ ఔదార్యానికి కేవలం కాకతాళీయమని భావించడం మర్యాద. మాఫీ సైతం ముందుగా దరఖాస్తు పెట్టుకొని, అమెజాన్ విషయంలోనైతే 60 రోజుల లోపు మూట సర్దుకొనేవారికే. సగం ఇక్కడ, సగం మరొక చోట ఉంచుకొని రోజూ రాకపోకలు సాగించేవారి మీద మీటరు యథాప్రకారం తిరుగుతుంది.

చింత తొలగుతుందన్న రెండవ ఫలాన్ని పరిశీలించాలంటే సేవాస్థాయి ఒప్పందం, అంటే సేవ ఎంత శాతం కాలం అందుబాటులో ఉంటుందో, ఉండకపోతే పరిహారమేమిటో చెప్పే పత్రాన్ని చూడాలి. అమెజాన్ సర్వర్ సేవకు ప్రాంత స్థాయిలో 99.99 శాతం అని హామీ ఉంది; ముప్ఫై రోజుల నెలలో అది నాలుగు నిమిషాల పైచిలుకు అంతరాయానికి సమానం. ఆ హద్దు దాటి అంతరాయం ఏడు గంటలకు చేరినా పరిహారం ఆ సేవ బిల్లులో పదో వంతే. అదైనా నగదుగా కాదు, రాబోయే బిల్లులలో తగ్గింపుగా, అదీ ఖాతాదారు గడువులోగా స్వయంగా అర్జీ పెట్టుకుంటేనే. ఆ ఏడు గంటలలో అంగడి మూతపడి పోగొట్టుకున్న వ్యాపారం సంగతి పత్రంలో ఉండదు. పరిహారం తీసుకోవాలంటే అదే అంగడిలో మళ్లీ కొనాలన్న ఈ ఏర్పాటును రూపొందించిన న్యాయవాదుల ప్రతిభను ప్రశంసించకుండా ఉండలేము.

2017 ఫిబ్రవరి 28న అమెజాన్ నిల్వ సేవ ఉత్తర వర్జీనియాలో కొన్ని గంటలపాటు ఆగిపోయింది. బిల్లింగ్ వ్యవస్థలోని లోపం సరిచేస్తున్న ఉద్యోగి ఒక ఆదేశాన్ని తప్పుగా టైపు చేయడం అందుకు కారణమని సంస్థే ప్రకటించింది. ఏ సేవ పనిచేస్తోందో, ఏది ఆగిందో చూపే సమాచార పలకను సవరించే వ్యవస్థ కూడా ఆగిపోయిన ఆ నిల్వ మీదనే ఆధారపడి ఉండడంతో, సేవ ఆగిందని చెప్పే సేవ కూడా ఆగింది. ఎనిమిదేళ్ల తరువాత, 2025 అక్టోబరు 20న, అదే ప్రాంతంలో పేర్లను చిరునామాలుగా మార్చే డీఎన్ఎస్ పట్టికలో ఒక ముఖ్యమైన పద్దు ఖాళీ కావడంతో ప్రపంచమంతటా యాప్‌లు మూగబోయాయి. ఇంటర్నెట్‌తో నడిచే ఖరీదైన పరుపులు కొనుక్కున్న అమెరికన్లలో కొందరికి ఆ రాత్రి వేడి తగ్గించడం గానీ, ఎత్తు దించడం గానీ సాధ్యపడలేదు. నిద్రపోవడానికి వర్జీనియా అనుమతి అవసరమైన తొలి తరం వీరే కావచ్చు.

ఇవి సేవ ఆగిన ఘటనలు. డేటాయే పోయిన ఘటనలు వేరు. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ క్లౌడ్ సంస్థ డేటా సెంటర్ భవనం ఒకటి కాలి బూడిదైంది. విపత్తు నుంచి కోలుకొనే ప్రణాళికను అమలు చేసుకోవలసిందిగా సంస్థ వ్యవస్థాపకుడు ఖాతాదారులకు హితవు చెప్పాడు. ఆ ప్రణాళికే క్లౌడ్ అనుకొని డబ్బు కట్టినవారికి ఆ హితవు ఎలా వినిపించి ఉంటుందో ఊహించుకోవచ్చు. బ్యాకప్ కోసం విడిగా డబ్బు కట్టిన ఒక ఖాతాదారు బ్యాకప్ ప్రతి కూడా అదే భవనంలో ఉందన్న సంగతి 2023లో లీల్ వాణిజ్య న్యాయస్థానం తీర్పుతో రచ్చకెక్కింది. ప్రభుత్వాలైతే ఇంకా జాగ్రత్తగా ఉంటాయనుకోవడానికి వీలులేదు. 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని డేజన్ నగరంలో ప్రభుత్వ డేటా కేంద్రం బ్యాటరీ మంటల్లో చిక్కుకున్నప్పుడు, ఉద్యోగులు సొంత కంప్యూటర్లలో కాక అక్కడే దాచుకోవాలని నిర్దేశించిన 858 టెరాబైట్ల జీ-డ్రైవ్ నిల్వ నాశనమయింది. పరిమాణం మరీ పెద్దది కనుక వేరే చోట ప్రతి ఉంచలేదట. అంత పెద్దది గనుకనే ప్రతి ఉండాలన్న వాదన అక్కడ ఎవరికీ తట్టినట్టు లేదు.

ఇంత చెప్పినా క్లౌడ్ పనికిమాలినదని అర్థం కాదు. ఇంటర్ ఫలితాల రోజున గంటసేపు లక్షల మంది ఒకే వెబ్‌సైటు మీద పడే చోట, ఆ గంట కోసం ఏడాది పొడవునా వందల సర్వర్లు కొని ఉంచుకోవడం తెలివితక్కువ. అద్దెకు తెచ్చుకొని మర్నాడు వదిలేయడమే సబబు. రేపు ఉంటుందో లేదో తెలియని చిన్న కంపెనీకీ అంతే. చిక్కల్లా రోజూ ఒకేలా నడిచే పనికి కూడా అదే మందు రాయడంలో ఉంది. ఫైళ్లు దాచిపెట్టే సేవ అయిన డ్రాప్‌బాక్స్ తన నిల్వలో అత్యధిక భాగాన్ని అమెజాన్ నుంచి సొంత యంత్రాలకు మార్చుకొని రెండేళ్లలో దాదాపు 7.5 కోట్ల డాలర్లు మిగుల్చుకున్నట్టు 2018లో షేర్ల జారీ పత్రాలలో చూపింది. 2022లో క్లౌడ్‌కు 32 లక్షల డాలర్లు కట్టిన 37సిగ్నల్స్ అనే సాఫ్ట్‌వేర్ సంస్థ సర్వర్లు కొనుక్కొని బయటికి వచ్చింది. ఇలాంటి వాటిని పరిశ్రమ మినహాయింపులుగా లెక్కిస్తుంది. లాభనష్టాల పట్టిక వేసుకున్నవారంతా ఆ మినహాయింపులోకే వస్తున్నారేమోనన్న అనుమానాన్ని మాత్రం దగ్గరికి రానివ్వదు.

పరిశ్రమ భవిష్యత్తు దేదీప్యమానంగా ఉంటుందన్న జోస్యంలో అబద్ధం లేదు, ఎవరికన్నదొక్కటే జోస్యులు చెప్పరు. 2024లో అమెజాన్ మొత్తం అమ్మకాలలో క్లౌడ్ వాటా ఆరో వంతు, అంటే 10,760 కోట్ల డాలర్లు మాత్రమే కాగా, 6,860 కోట్ల డాలర్ల నిర్వహణ లాభంలో 3,980 కోట్లు అక్కడి నుంచే వచ్చాయి. సరుకులు అమ్మి నిలబడిన అంగడికి లాభం అద్దెల మీద వస్తోంది. సర్వర్ ఎన్నేళ్లు పనిచేస్తుందన్న లెక్కను ఆ సంస్థ 2020 నుంచి మెట్టు మెట్టుగా మూడేళ్ల నుంచి ఆరేళ్లకు పొడిగించి, కృత్రిమ మేధ వేగాన్ని సాకుగా చూపి 2025లో కొన్నింటికి మళ్లీ ఐదేళ్లకు కుదించింది. ఆయుర్దాయం పెరిగిన ప్రతిసారీ తరుగుదల ఖర్చు తగ్గి లాభం పెరిగింది. అద్దె మాత్రం యంత్రం వయసు చూసి తనంతట తానుగా తగ్గదు.

తెలుగు నేలకు ఈ భవిష్యత్తు ముందే వచ్చింది. రంగారెడ్డి జిల్లాలోని డేటా సెంటర్లతో అమెజాన్ హైదరాబాద్ ప్రాంతం 2022 నవంబరులో మొదలైంది; విశాఖపట్నంలో ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లతో గిగావాట్ స్థాయి కేంద్రం నెలకొల్పుతామని గూగుల్ 2025 అక్టోబరు 14న ప్రకటించింది. ఆ కేంద్రానికి ఇచ్చే రాయితీలను కర్ణాటక మంత్రి ప్రియాంక్ ఖర్గే తప్పుపట్టడం, ఆంధ్ర వంటల్లాగే ఆంధ్ర పెట్టుబడులూ ఘాటైనవని, ఆ మంట పొరుగువారికి తగులుతోందని ఆంధ్రప్రదేశ్ మంత్రి నారా లోకేశ్ చమత్కరించడం పత్రికలకు కొన్నాళ్లు మంచి విందు. ఘాటు మీద జరిగినంత చర్చ, భూమి, నీరు, కరెంటు ఇక్కడివైనప్పుడు ఇక్కడి చిన్న సంస్థకు గణన సామర్థ్యం ఏ ధరకు దొరుకుతుందన్న దాని మీద జరగలేదు. రంగారెడ్డి జిల్లా చందన్‌వెల్లిలోని డేటా సెంటర్‌లో తిరిగే యంత్రానికి హైదరాబాదు కుర్రాడు చూసుకొనే ధరల పట్టిక ఈనాటికీ డాలర్లలోనే ఉంది.

స్వేచ్ఛ అన్న మూడవ ఫలానికి ఇటీవలి నిదర్శనం గుజరాత్‌లో దొరికింది. రష్యా సంస్థ రోస్‌నెఫ్ట్‌కు వాటా ఉన్న నయారా ఎనర్జీ మీద 2025 జులైలో ఐరోపా సమాఖ్య ఆంక్షలు విధించగానే, భారతదేశంలో నమోదై, భారత చట్టాల కింద నడుస్తూ, లైసెన్సులకు పూర్తి సొమ్ము చెల్లించిన ఆ చమురుశుద్ధి సంస్థకు మైక్రోసాఫ్ట్ ఈమెయిల్‌తో సహా సేవలు నిలిపివేసింది. నయారా ఢిల్లీ హైకోర్టుకు వెళ్లిన తరువాత అవి తిరిగి వచ్చాయి. విడిచి వెళ్లే స్వేచ్ఛ మాటకొస్తే, ఐరోపాలో 2027 జనవరి 12 నుంచి క్లౌడ్ సంస్థ మారేవారి వద్ద నిష్క్రమణ రుసుము వసూలు చేయడం చట్టరీత్యా నిషిద్ధం. భారతదేశంలో 2019 నాటి వ్యక్తిగత డేటా పరిరక్షణ బిల్లులో పౌరుడు తన డేటాను ఒక సంస్థ నుంచి మరొక సంస్థకు తీసుకుపోయే హక్కు ఉండేది. 2023లో చట్టమై వచ్చేసరికి ఆ హక్కు అందులో లేదు.