నా పై అక్షరాలు

నేను ఇన్లాండ్ కవర్ని. మా జాతి ఈ దేశంలో పుట్టింది 1950 అక్టోబరు 2న. నన్ను కొన్నది పావగడ తాలూకా అరసికెరెలో ఒక చెనిక్కాయల రైతు, 1999లో, కార్గిల్ యుద్ధం రోజుల్లో. సైన్యంలో ఆయనకు చుట్టాలెవరూ లేరు. బడిపిల్లలు జవాన్లకు ఉత్తరాలు రాస్తుంటే ఆ కట్టలో నన్నూ పెట్టించాడు. పైన 56 ఏపీఓ అని సైనిక తపాలా చిరునామా ఉంది. ఆ అంకె వెనక ఏ కొండ ఉందో రాసేవాళ్లకు తెలియదు.

కట్ట విప్పగానే ఒక జవాను నన్ను లాక్కున్నాడు. ఆయనదీ అరసికెరే, కాకపోతే హాసన్ జిల్లాది, రైల్వే జంక్షన్ ఉన్న ఊరు. కన్నడ అక్షరాలు, సొంత ఊరి పేరు! తీరా చదివితే ఒక్క ముక్క అర్థం కాలేదు. పావగడ వైపు చాలా ఇళ్లలో మాట తెలుగు, బడిలో చదువు కన్నడం. రైతు తన మాటను తనకొచ్చిన అక్షరాల్లో పెట్టాడు.

జవాను వదలకుండా పైకి చదివాడు: “తమ్ముడూ, ఈడ ఇంగా వాన రాల్యా. ఇత్తనాలు వలిచి పెట్టుకోని మోడం దిక్కు చూస్తాండాం. ఆడ సలి ఎక్కువంట గదా, కాళ్లకు ఏం ఏసుకుంటారు?”

పక్కన బూట్లు విప్పుకుంటున్న శ్రీకాకుళం కుర్రాడు తలెత్తాడు. మళ్లీ చదవమన్నాడు. చదివేవాడికి అర్థం కాదు, అర్థమయ్యేవాడికి చదవడం రాదు. ఇద్దరూ నన్ను పట్టుకుని కూర్చున్నారు. ఆ కట్టలో దేశభక్తి మాటలు బోలెడున్నాయి. కాళ్ల సంగతి అడిగినదాన్ని నేనే. నాకు అందుకే గర్వం.

కుర్రాడు చెబుతుంటే హాసన్ ఆయన జవాబు రాశాడు: “అన్నయ్యా, రెండు జతల ఊలు సాక్సులు వేస్తాం. వాన పడిందా?” చిరునామాలో పావగడ తాలూకా, తుమకూరు జిల్లా అని కింద గీత కొట్టాడు, లేకుంటే తన ఊరికే పోతుందని. ఇలాంటి తికమక తీర్చడానికే 1972 ఆగస్టు 15న పిన్ కోడ్ వచ్చింది. రైతు దాన్ని రాయడం మరిచాడు.

తర్వాత హాసన్ ఆయనకు బదిలీ అయింది. కుర్రాడు నన్నే పలక చేసుకున్నాడు. తెలుగు, కన్నడ లిపులు తోబుట్టువులే కదా, ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి పోల్చుకున్నాడు. నా మడతలు చిరిగింది అప్పుడే. తర్వాతి జవాబు తానే రాశాడు, వత్తులు తప్పినా. రైతుకు అది చాలింది. మళ్లీ ఉత్తరం వచ్చింది: వాన పడింది, ఇత్తనం ఏసినాం, లీవు దొరికితే రా తమ్ముడూ, పావగడ కోట, శనిమహాత్ముని గుడి చూపిస్తా.