పనసపండుతో దల్మాకు

జంషెడ్‌పూర్ వాళ్లకు ఒక జబ్బుంది. కొండ ఎక్కకుండానే ఎక్కినవాళ్లలా మాట్లాడతాం. 1984 మే 23న ఎవరెస్టెక్కిన బచేంద్రీ పాల్ మా ఊళ్లోని టాటా స్టీల్ అడ్వెంచర్ ఫౌండేషన్‌ని ఏళ్ల తరబడి నడిపారు. మా ఊరి ఇల్లాలు ప్రేమలతా అగర్వాల్ ఊరి దగ్గరి దల్మా కొండ ఎక్కే పోటీతో మొదలుపెట్టి, 2011లో, నలభై ఎనిమిదేళ్ల వయసులో ఎవరెస్టు దాకా వెళ్లొచ్చారు. వాళ్లెక్కారు కాబట్టి నాకూ కొండల సంగతి తెలుసనుకున్నాను. పైగా మా మేడ మీద నిలబడితే దల్మా కనిపిస్తుంది. అదీ నా అర్హత!

ఆ అర్హతతోనే, మన తెలుగిళ్ల పిల్లలు, తొమ్మిదీ పదీ చదివేవాళ్లు, దల్మా మీద రెండు రాత్రులుండి వస్తామంటే "నేనున్నాగా" అనేశాను. అది మే నెలన్న సంగతి ఆ తర్వాత గుర్తొచ్చింది. ఒకరి తల్లి ఏనుగుల గురించి భయపడితే, "అవి బెంగాల్ వైపు పోతాయమ్మా" అని ధీమాగా చెప్పాను. పోతాయి, నిజమే. వరి చేతికొచ్చే రోజుల్లో పురూలియా, బాంకుడా పొలాల మీదికి. ఎండాకాలంలో మాత్రం నీటిగుంటలున్న దల్మానే వాటికి దిక్కు. సగం తెలిసినవాడి ధీమా ఎప్పుడూ ఎక్కువే.

ఇక అసలు ఘనకార్యం. పిల్లలకు బలమని సంతలో ముగ్గిన పనసపండు కొని బ్యాగులో పెట్టాను. దల్మా అడవిలోకి వెళ్లే మాకులాకోచా గేటు దగ్గర గార్డు బ్యాగు వాసన చూసి, నా ముఖం చూసి, "ఇది పిల్లలకా, ఏనుగులకా?" అన్నాడు. పండిన పనస వాసన వాటికి ఎంత దూరం నుంచైనా తెలుస్తుందట. అక్కడే కోసి తినేయమన్నాడు. చేతులకు నూనె రాసుకోకుండా పనస కోసే తెలుగువాణ్ని నన్నే చూడాలి! జిగురు వేళ్ల సందుల్లోకి దిగి, ఒక వేలికి ఇంకో వేలు అంటుకుపోయింది. గార్డు ఇంట్లోంచి కాస్త ఆవనూనె తెస్తే విడిపడ్డాయి. తొనలు మాత్రం తేనెలా ఉన్నాయి, ఆ మాట చెప్పకపోతే పాపం.

పండు పోయినా బ్యాగు బరువు తగ్గలేదు. కుక్కరు, ఆవకాయ జాడీ, ముడి వేయడం రాని తాడు. మొదటి మలుపులోనే ఆయాసం. పద్నాలుగేళ్ల పిల్ల ఒకతి చెయ్యి చాపింది. "మాలావత్ పూర్ణ ఎవరెస్టెక్కేనాటికి నా అంత కూడా లేదు అంకుల్. ఇలా ఇవ్వండి." ఇచ్చాను. సిగ్గుతో కాదు, ఆనందంగా.

రెండో రాత్రి పిండ్రాబేరా గెస్ట్‌హౌస్‌లో పడుకున్నాం. బయట ఎక్కడో కొమ్మ విరిగింది. పిల్లలు మంచి నిద్రలో ఉన్నారు. నేను నా చేతులు వాసన చూసుకున్నాను. ఇంకా పనసే! లేచి సబ్బుతో కడిగాను, మళ్లీ కడిగాను. బకెట్ బయట వరండాలో ఉంది, వెళ్లే ధైర్యం లేదు. తాగడానికి నింపుకున్న సీసాలు తలగడ పక్కనే ఉన్నాయి.

పొద్దున్నే "నీళ్లెవరు తాగారు?" అని గొడవ. ఎండకు ఆవిరైపోయాయేమో అన్నాను. బిగించి ఉన్న మూతల్ని ఒకడు తిప్పి తిప్పి చూసి ఏమీ అనలేదు. మళ్లీ నీళ్లు నింపుకుని బయల్దేరేసరికి ఎండ ముదిరింది. మూడు వేల అడుగుల పైచిలుకు ఉన్న ఆ కొండ కొస నేను చేరనేలేదు. చెట్టుకింద కూర్చున్న నన్ను దాటిపోతూ ఆ కుర్రాడే, "సబ్బు వాసన బాగుంది అంకుల్" అన్నాడు.

చలికాలంలో పిల్లలు పారస్‌నాథ్ కొండకు వెళ్తున్నారు. నన్నూ రమ్మన్నారు. ఎవరి సీసా వాళ్లే మెళ్లో తగిలించుకోవాలని మాత్రం ముందే తీర్మానించుకున్నారట.