చలికొట్టులో నలభై ఏళ్లు

వేలెడంత సీసాని. ఒంటి మీద అంకెలే తప్ప పేరు లేదు. అమెరికాలో శాన్ డియేగో జూ వాళ్ల ‘ఫ్రోజెన్ జూ’లో, మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో, 1980 నుంచి కూర్చున్నాను. మీ ఇళ్లలో ఆవకాయ జాడీ ఏడాది తిరిగేసరికి రంగు మారుతుంది. మంచు పలుకులు పొరలు చీల్చకుండా మందు కలిపి దాచారు కాబట్టి, నా కడుపులోని కణాలు మాత్రం చెక్కుచెదరలేదు.

అవి కుపొరోవిచ్ అనే మగ గుర్రం చర్మంలోవి. ప్రెజ్వాల్‌స్కీ గుర్రం, మంగోలియాలో ‘తఖీ’ అంటారు. పొట్టి మనిషి, ఇసుక రంగు, నిక్కబొడుచుకున్న జూలు. పెంపుడు గుర్రానికి 64 క్రోమోజోములైతే తఖీకి 66. ఆ లెక్క 1960ల్లో తేల్చినవాళ్లలో కర్ట్ బెనిర్ష్కే ఒకరు. మా చలికొట్టుకు పునాది వేసిందీ ఆయనే. క్లోనింగ్‌తో డాలీ గొర్రె పుట్టింది 1996లో. నన్ను దాచింది అంతకు పదహారేళ్ల ముందు. ఎందుకు దాస్తున్నామో దాచినవాళ్లకే అప్పటికి పూర్తిగా తెలియదు. నాకు నచ్చినది అదే.

నా విలువ తెలియాలంటే ముందు తఖీల పెళ్లిళ్ల గొడవ చెప్పాలి. మంగోలియా గోబీలో అడవి తఖీ చివరిసారి కనబడింది 1969లో. జూలలో ఉన్నవి 1945 నాటికే 31కి పడిపోయాయి. ఇవాళ దాదాపు రెండు వేలున్నాయి, 1992 నుంచి మంగోలియా గడ్డి మైదానాలకు తిరిగి తోలుతున్నారు కూడా. సంతోషమే. కానీ అవన్నీ అడవిలో పట్టిన పన్నెండింటి సంతానం. మేనరికం గురించి తెలుగువాళ్లకు నేను చెప్పేదేముంది? మీకు రెండు మేనరికాలకే డాక్టరు మొహం చిట్లిస్తాడు. తఖీలకు బయటి సంబంధమే లేదు. అందుకే ఒక్కోదానికీ వంశావళి పుస్తకంలో ఒక నంబరు. ఎవరికి ఎవరిని జత కలపాలో ఆ పుస్తకం చూసే నిర్ణయిస్తారు, పెళ్లిళ్ల పేరయ్య జాతకాలు చూసినట్టు.

కుపొరోవిచ్ నంబరు 615. 1975లో బ్రిటన్‌లో పుట్టి, 1978లో అమెరికా వచ్చి, 1998లో పోయాడు. తర్వాత లెక్కలు చూస్తే, అతనిలోని జన్యువైవిధ్యం ఇప్పటి మందల్లో పలచబడిపోయిందని తేలింది. ఉన్న గుర్రాలే ఎన్ని పిల్లల్ని కన్నా, అవే పేకముక్కలు మళ్లీ కలిపి పంచినట్టు. నాలో ఉన్నవి పేకలోంచి జారిపోయిన ముక్కలు.

నలభయ్యో ఏట నన్ను బయటికి తీశారు. పెంపుడు గుర్రం అండంలో కేంద్రకం తీసేసి, ఆ చోట నా కణాన్ని కలిపి, పిండమయ్యాక ఒక పెంపుడు ఆడగుర్రం గర్భంలో పెట్టారు. టెక్సాస్‌లో 2020 ఆగస్టు 6న పిల్ల పుట్టింది. బెనిర్ష్కే గుర్తుగా కర్ట్ అన్నారు. 2023లో అవే కణాల నుంచి ఆలీ అని ఇంకొకడు.

పెంపుడు అండం కలిసిందిగా, మైల పడలేదా అంటారేమో. మైటోకాండ్రియా వరకు పడింది. కానీ వాటిని పిల్లలకిచ్చేది తల్లి. కర్ట్ మగవాడు గనక ఆ మరక అతనితోనే ఆగుతుంది.

నేనిప్పుడు ఖాళీ. ఏ చెత్తబుట్టలో ఉన్నానో అడక్కండి. నన్ను తొలిచేది వేరే ఉంది. 66 క్రోమోజోములూ ఒక్కటి తగ్గకుండా అప్పజెప్పాను గానీ, ఎదుటిది చెవులు వెనక్కి వాల్చితే పక్కకు తప్పుకోవాలనే సంగతీ, మందలో ఎవరి వెనక ఎవరు నడవాలనే సంగతీ నేనెలా దాచి ఇస్తాను? కర్ట్‌ను పెంచింది పెంపుడు గుర్రం. తఖీ మర్యాద అతనికి తెలియదు. అందుకని శాన్ డియేగో సఫారీ పార్కుకు తెచ్చాక, హాలీ అనే ఈడైన ఆడ తఖీని జతగా వదిలారు. ఆ పాఠాలన్నీ ఆ పిల్ల దగ్గరే నేర్చుకోవాల్సి వచ్చింది.