చిన్నదొరా, నీ దానగుణం పెద్దది

చిన్నదొరా! జర్మన్ పేరు పెట్టుకుని, చాకణ్‌లోనో చెన్నైలోనో ఔరంగాబాద్‌లోనో ఒళ్లు కూర్చుకుని, కోల్‌కతా సాల్ట్ లేక్ వీధుల్లోకి వచ్చి నిలబడ్డ చిన్న లగ్జరీ సెడాన్‌వి నువ్వు. నిన్ను మనసారా పొగడాలని ఎన్నాళ్లుగానో ఉంది. ఈ పొగడ్తలో ఒక్క అబద్ధమూ చెప్పను. ఉన్నది ఉన్నట్టు చెబితేనే నీ కీర్తి పూర్తవుతుంది.

నీ రాకే గొప్పది. హుగ్లీ ఒడ్డున ఉత్తరపాడాలోని హిందుస్థాన్ మోటార్స్ కర్మాగారం 2014 మే నెలలో అంబాసిడర్ తయారీని ఆపేసింది. ఈ ఊళ్లో డాక్టర్లూ ప్లీడర్లూ మంత్రులూ పసుపు టాక్సీవాళ్లూ అర్ధ శతాబ్దానికి పైగా ఆ కారులోనే తిరిగారు. అదే ఏడాది ఆగస్టులో ఆడి ఏ3 సెడాన్ సుమారు 23 లక్షల ధరతో మన దేశంలో దిగింది. 2020లో బీఎండబ్ల్యూ 2 సిరీస్ గ్రాన్ కూపే, 2021లో మెర్సిడెస్ ఏ క్లాస్ లిమోసిన్ వచ్చేసరికి ధర 40 లక్షల దగ్గరికి చేరింది. అంబాసిడర్ పొడవు 4.3 మీటర్లు. నీ వంశంలో కొందరు దానికన్నా జానెడు పొడుగు. ఆ పాత కారు వెనక సీట్లో ముగ్గురు పెద్దవాళ్లు, ఒళ్లో ఇద్దరు పిల్లలు సర్దుకుని దక్షిణేశ్వరం వెళ్లి వచ్చేవాళ్లు. నీ వెనక సీట్లో ఇద్దరు కూర్చోవాలి. మూడోవాడికి కాళ్ల మధ్య గట్టు అడ్డం. పొడుగు పెంచుకుంటూనే చోటు తగ్గించగలిగావు. ఇది మామూలు విద్య కాదు.

నీ వినయం ఇంకా గొప్పది. అమ్మేచోట నువ్వు చిన్న కారువి, పన్ను కట్టేచోట పెద్ద కారువి. 2025 సెప్టెంబరు 22 నుంచి అమల్లోకి వచ్చిన జీఎస్టీ ప్రకారం పెట్రోలు కారు నాలుగు మీటర్ల పొడవు, 1200 సీసీ ఇంజను దాటకపోతే 18 శాతం పన్ను. ఆ గీత దాటితే 40 శాతం. నువ్వు పొడవులోనూ దాటావు, ఇంజనులోనూ దాటావు. కాబట్టి నీ మీద వేసిన ప్రతి 100 రూపాయల ధరకూ 40 రూపాయలు ఖజానాకు చేరతాయి. పైన రోడ్డు టాక్సు, ఆ పైన ఇన్సూరెన్సు. నిన్ను కొన్న జీతగాడు దేశానికి ఎంత ఇచ్చాడో అతనికే తెలియదు. ఇంటి ముందు నువ్వు మాత్రం కనబడతావు.

ఇక నీ దానగుణం. దీని దగ్గర కాసేపు ఆగాలి, నీలో నాకు అన్నిటికన్నా ఎక్కువగా కనిపించింది ఇదే.

మా కింద వాటాలో ఒక కుర్రాడు ఉన్నాడు. గుంటూరు జిల్లావాడు, ఇక్కడి ఐటీ పేట సెక్టర్ ఫైవ్‌లో ఉద్యోగం. మంచి పిల్లవాడు, బుద్ధిమంతుడు. నన్ను అన్నయ్యా అంటాడు. నిన్ను తెచ్చిన రోజున పూలదండ వేసి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, మా అందరికీ రసగుల్లాలు పంచాడు. వాళ్ల నాన్న ఊరి నుంచి వచ్చి నీ చుట్టూ ఒకసారి తిరిగాడు. తలుపు మీద చెయ్యి వేసి, "ఎంత పొలంరా ఇది?" అని అడిగాడు. కుర్రాడు నవ్వాడు. ఆ పెద్దాయన నవ్వలేదు. మన ఊళ్లలో విలువ తేల్చే కొలబద్ద అదే, ఆయన ఆ లెక్కే అడిగాడు.

ఆ లెక్క ఇక్కడ వేస్తాను. 35 లక్షల అప్పు, 9 శాతం వడ్డీ, అయిదేళ్ల గడువు అనుకుందాం. నెలకు కిస్తీ దాదాపు 72,650 రూపాయలు. అయిదేళ్లలో వడ్డీ ఒక్కటే ఎనిమిదిన్నర లక్షలు దాటుతుంది. అటు బ్యాంకు ఇలా పుచ్చుకుంటుంటే, ఇటు నువ్వు నీ విలువను పంచిపెడుతూ పోతావు. మోటారు ఇన్సూరెన్సు తరుగుదల పట్టిక చూడు. ఆరు నెలలు దాటిన కారుకు 15 శాతం తగ్గిస్తారు. ఏడాది దాటితే 20, రెండేళ్లు దాటితే 30, మూడేళ్లు దాటితే 40, నాలుగేళ్లు దాటితే 50. అంటే ఆఖరి కిస్తీ కట్టే నెలకు, ఆ పట్టిక ప్రకారమే, నీ విలువ సగం. కర్ణుడు అడిగినవాళ్లకు ఇచ్చాడు. నువ్వు అడగనివాళ్లకూ ఇచ్చావు. బ్యాంకు, బీమా కంపెనీ, డీలరు, సర్కారు అందరూ నీ చేతి దానం పుచ్చుకున్నవాళ్లే. కొన్నవాడికి మాత్రం తాళంచెవి మిగిల్చావు. అప్పు చేసి పప్పుకూడు తినడాన్ని మన పెద్దలు తప్పుపట్టారు. ఆ పప్పుకూడు కనీసం ఒక పూట ఆకలి తీర్చేది.

నీ బలం సంగతి. రెండు క్లచ్‌ల గేర్‌బాక్సుతో ఏడెనిమిది సెకన్లలో వంద కిలోమీటర్ల వేగం అందుకుంటావు. ఆ బలానికి నమస్కారం. సాల్ట్ లేక్‌లో ఆ వంద ఎక్కడ అందుకోవాలి? నాలుగడుగులకో ట్రాఫిక్ ఐలాండు, బ్లాకు బ్లాకుకో స్పీడ్ బ్రేకరు. సాయంత్రం ఆరింటికి కాలేజ్ మోడ్ దగ్గర నీ ముందు ఒక టోటో (బ్యాటరీ రిక్షా), నీ వెనక ఒక టోటో, మధ్యలో నువ్వు. మూడూ ఒకే వేగం. టోటోలో నలుగురు, నీలో ఒక్కడు. ఆ ఒక్కడి చూపు ముందున్న వాళ్లమీద ఉండదు, నీ బంపరు మీద గీత పడుతుందేమోనని అద్దంలో ఉంటుంది. నీ నడుము కిందికి ఉండటంతో ప్రతి స్పీడ్ బ్రేకరు దగ్గరా ఏటవాలుగా, ప్రాణం ఉగ్గబట్టుకుని దాటాలి. తొందరపడే కుర్రవాళ్లకు నెమ్మది నేర్పిన గురువువి నువ్వు.

నీ వంశంలో కొందరు స్పేర్ టైరు కూడా వద్దన్నారు. గాలి పోయినా 80 కిలోమీటర్ల వేగం మించకుండా, 80 కిలోమీటర్ల దూరం దాకా నడిచే గట్టి టైర్లు తొడుక్కున్నారు. ఆ గట్టిదనం రోడ్డు మీది ప్రతి గుంతనూ వెన్నెముకకు చేరవేస్తుంది. తారు రోడ్డు చెవి పక్కనుంచి పోతున్నట్టే ఉంటుంది. లగ్జరీ అంటే ఇదేనని నమ్మాలి.

నువ్వు నిలబడ్డ నేల గురించి నీకు తెలియాలి. ఇది ఒకప్పుడు ఉప్పునీటి చిత్తడి. డాక్టర్ బిధాన్ చంద్ర రాయ్ ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు, 1962 ఏప్రిల్‌లో పూడిక మొదలైంది. హుగ్లీ అడుగున పేరుకున్న ఒండ్రును నీళ్లతో కలిపి, గొట్టాల ద్వారా ఇక్కడికి తోడిపోశారు. యుగొస్లావియా కంపెనీ ఆ పని చేసింది, ఆ దేశం ఆర్కిటెక్టు డోబ్రివోయె తోష్కోవిచ్ ఊరికి నక్ష గీశాడు. బ్లాకుకో పార్కు, నడిచి పోయేంత దూరంలో బజారు, చెట్ల కింద సన్నటి లోపలి వీధులు. మనిషి కాలినడకను లెక్కలో పెట్టుకుని గీసిన ఊరు ఇది. తూర్పున ఇంకా చిత్తడి నేలలే, 2002లో రామ్‌సార్ జాబితాకు ఎక్కినవి. నీళ్లలోంచి పుట్టిన ఈ పల్లపు నేలకు నీళ్లు మళ్లీ వస్తూనే ఉంటాయి.

2025లో వచ్చాయి. సెప్టెంబరు 22న కొత్త పన్నుల పుణ్యమా అని నీ ధర తగ్గింది. అదే నవరాత్రి మొదటి రోజు కూడా. ఆ రాత్రి దాటి 23 తెల్లవారేసరికి కోల్‌కతాలో దాదాపు 250 మిల్లీమీటర్ల వాన కురిసింది. 1986 తరవాత అంతటి వాన లేదన్నారు. నీళ్లలో నడిచి వెళుతూ మనుషులు పోయారు, ఎక్కువమంది కరెంటు తగిలి. ఆ చావుల ముందు కారు నష్టం ఎంతటిది? అయినా నీ స్వభావం తెలిసింది ఆ రోజే కాబట్టి చెప్పాలి.

నీళ్లలో నీ ముక్కు మునిగితే గాలి పీల్చే గొట్టం గుండా నీరు సిలిండర్లలోకి చేరుతుంది. గాలి నలుగుతుంది, నీరు నలగదు. పిస్టన్ ఆ నీటిని గుద్దితే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. ఆగిపోయిన ఇంజను మీద ఇంకోసారి స్టార్టు బటన్ నొక్కితే అంతటితో సరి. మా కుర్రాడు కంగారులో నొక్కాడు. ఆఫీసుకు వేళవుతోందని నొక్కాడు. బీమావాళ్లు వచ్చి, ఇది ప్రమాదం వల్ల నేరుగా కలిగిన నష్టం కాదు, దాని వెనక వచ్చిన నష్టం అన్నారు. ఇంజను రక్షణ అనే అదనపు కవరు తీసుకోలేదుగా అన్నారు. కొన్న రోజున నీ సీటు రంగు గురించి గంటసేపు చెప్పినవాళ్లు ఆ కవరు గురించి ఒక్క నిమిషం చెప్పలేదు. ఇంజను బాగుకు వేసిన అంచనా కాగితం పట్టుకుని అతను మా వాకిట్లో కూర్చున్నాడు. "అన్నయ్యా, నాన్నకు చెప్పకండి" అన్నాడు. చిన్నదొరా, అప్పుడు కూడా నువ్వు మెరుస్తూనే ఉన్నావు. ఆ మెరుపుకు మచ్చ పడలేదు.

నీ ఓర్పును మరిచిపోను. ఫుట్‌పాత్‌కు ఆనుకుని నెలల తరబడి కదలకుండా నిలబడగలవు. దుర్గాపూజ రోజుల్లో ఎఫ్‌డీ బ్లాకు పందిరికి జనం పోటెత్తి, దారులు మూసేసినప్పుడు ముసుగు కప్పుకుని తపస్సు చేస్తావు. ఈ బ్లాకుల్లో చాలా ఇళ్లల్లో పిల్లలు బెంగుళూరుకో అమెరికాకో వెళ్లిపోగా పెద్దవాళ్లే మిగిలారు. వాళ్లు పొద్దున పాలకూ సాయంత్రం పార్కుకూ నడవాలి. నువ్వూ నీ పక్కవాళ్లూ రెండు వైపులా వరసకట్టి నిలబడితే ఆ ముసలివాళ్లు నడిరోడ్డు మీదికి దిగి నడుస్తున్నారు. అంబులెన్సు మలుపు తిరగలేక హారన్ కొడుతుంటుంది. ఊరందరిదీ అయిన జాగాను అద్దె లేకుండా ఏలుతున్నావు. రాజులు కూడా కప్పం కట్టి ఏలారు.

ఇక్కడి ఉద్యోగాలు శాశ్వతం కావు. ఇవాళ సెక్టర్ ఫైవ్, ఎల్లుండి గచ్చిబౌలి. నిన్ను వెంట తీసుకుపోతే ఏడాది దాటాక కొత్త రాష్ట్రంలో మళ్లీ నంబరు వేయించాలని మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ చెబుతోంది. ఇక్కడి ఆర్టీవో దగ్గర నిరభ్యంతర పత్రం, అక్కడ లైఫ్ టాక్సు. బెంగాల్‌లో ఒకసారి కట్టించావు, తెలంగాణలో మరోసారి కట్టిస్తావు. రెండు రాష్ట్రాలనూ సమానంగా చూసే నీ సమదృష్టి మెచ్చదగ్గది.

నీకు ఎదురుగా, నీ కళ్లముందే, మెట్రో పోతోంది. 2020 ఫిబ్రవరిలో సెక్టర్ ఫైవ్ నుంచి స్టేడియం దాకా మొదలైంది. కరుణామయి, సెంట్రల్ పార్క్, సిటీ సెంటర్ అన్నీ దారిలోనే. 2022లో సియాల్దా చేరింది, 2025 ఆగస్టు 22 నుంచి హుగ్లీ నది కింద నుంచి హౌరా మైదాన్ దాకా ఏకబిగిన నడుస్తోంది. 16.6 కిలోమీటర్లు. టికెట్టు ఒక ప్లేటు పుచ్కా (పానీపూరీ) ఖరీదు. దానికి కిస్తీ లేదు, తరుగుదల పట్టిక లేదు. అది మన ఇంటి ముందు నిలబడదు, మన పేరు చెప్పదు. అందుకే పాపం, దాన్ని చూసి పక్కింటివాళ్లు మనల్ని గొప్పవాళ్లనుకోరు. ఆ ఒక్క పనీ నీ వల్లే అవుతుంది. ఆ ఒక్క పనికే మా పిల్లలు అయిదేళ్ల జీతం నీ కాళ్ల దగ్గర పెడుతున్నారు.

నాకు కారు మీద కోపం లేదు. ఇంట్లో పెద్దవాళ్లకు డాక్టరు అవసరం ఉంటే, రాత్రి షిఫ్టు ఉంటే, చేతిలో డబ్బు ఉంటే కారు కావాలి. కడుపు మాడ్చుకుని, తండ్రికి చెప్పలేని అప్పు చేసి, బండి ముందు బొమ్మ కోసం కొనే కారు గురించే నా బాధ. మా కుర్రాడు నెల నెలా కిస్తీ కడుతూ మెట్రోలో ఆఫీసుకు వెళుతున్నాడు.

సాల్ట్ లేక్‌లో ఉంటూ ఈ చిన్నదొరను ఇంటికి తెచ్చుకోవాలనుకుంటున్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఒక్క విన్నపం. సంతకం పెట్టే ముందు బీమా కాగితంలో ఇంజను రక్షణ ఉందో లేదో వేలు పెట్టి చదవండి. కిస్తీ అంకెను నాన్నకు ఫోనులో పైకి చదివి వినిపించండి. ఆయన "సరే" అన్నాకే సంతకం పెట్టండి.