మేస్త్రీ వాక్యానికి టీకా తాత్పర్యం

మూలము

"బెజ్జం కాడ్నుంచి రిమ్ము కాడికి ముందర కొల్సుకో సామీ. అందితే బిగించు, అందకుంటే బెజ్జాన్ని సాగదీయొద్దు. రబ్బరు టైరును ముట్టగూడదు, రిమ్మును ఇడువగూడదు."

అవతారిక

కర్నూలులో ఒక సైకిలు మేస్త్రీ, పాత రేసు సైకిలు ఫ్రేమును తలకిందులుగా నిలబెట్టి, దాని యజమానికి ఉపదేశించిన వాక్యమిది. ఆ ఫ్రేము పుట్టినప్పుడు దాని చక్రాలు 27 అంగుళాలవి. ఆ సైజు టైర్లు ఇప్పుడు దొరకడం గగనం కనుక యజమాని 700సి చక్రాలు తెచ్చి తగిలించాడు. చక్రం తిరిగింది. పాత బ్రేకు మాత్రం రిమ్మును అందుకోలేక టైరు మీద చేతులు వేసింది. అక్కడ మొదలైంది ఈ గ్రంథం.

మల్లినాథ సూరి మూలంలో లేని ముక్క రాయనని మాట ఇచ్చి టీకలు రాశాడు. మేము ఆ మాట ఇవ్వడం లేదు.

ప్రతిపదార్థము

బెజ్జం కాడ్నుంచి = ఫోర్కు నెత్తిన, బ్రేకు బోల్టు దూరే రంధ్రం నడిమధ్య నుంచి; రిమ్ము కాడికి = రిమ్ము పక్కగోడ నడిమి దాకా (టైరు అంచు దాకా అని చెప్పిన వ్యాఖ్యాత సైకిలు ఎక్కి ఎరుగడు); ముందర = కేలిపర్ బ్రేకు కొనకముందే; కొల్సుకో = స్కేలు పెట్టి మిల్లీమీటర్లలో చూసుకొనుము; సామీ = డబ్బులిచ్చువాడా, అని ధ్వని.

పాఠాంతరము

కడప ప్రతిలో "కొల్సుకో" అన్నచోట "సూసుకో" అని ఉంది. బ్రౌన్ దొర పండితులను జీతానికి కూర్చోబెట్టి తాళపత్రాలు దిద్దించిన ఊరి ప్రతి కనుక తేలిగ్గా తోసేయలేం. అయినా ఇది లేఖక ప్రమాదమే. 27 అంగుళాల రిమ్ములో టైరు కూర్చునే వ్యాసం 630 మి.మీ., 700సిలో 622. తేడా ఎనిమిది. అది రెండు వైపులా సమంగా పంచుకుంటుంది గనుక రిమ్ము బెజ్జానికి దూరమైంది నాలుగు మిల్లీమీటర్లే. ఆ నాలుగు కంటికి ఆనవు, బ్రేకుకు మాత్రం ఆనుతాయి. నేటి రేసు కేలిపర్ల చేతులు 39 నుంచి 49 మి.మీ. వరకే అందుతాయి. మన ఫ్రేము మీద స్కేలు పెడితే 53 వచ్చింది. కాబట్టి 47–57 కొలతది తెప్పించాలి. "సూసుకొని" కొన్నవాడు 39–49 కొంటాడు. అందుచేత కర్నూలు పాఠమే గ్రాహ్యం.

శంక: ఇంత బాధ ఎందుకు, ఊరంతా తిరిగే హీరో, అట్లాసులకున్న కడ్డీ బ్రేకు పెట్టరాదా? సమాధానము: కడ్డీ బ్రేకు రిమ్మును లోపలి వైపు నుంచి, అనగా పుల్లలున్న వైపు నుంచి, పైకి లాగి పట్టుకుంటుంది. ఆ రిమ్ము అడుగు అందుకు తగినట్టు చేసి ఉంటుంది. కేలిపరు రెండు పక్కల నుంచి పటకారులా పట్టుకుంటుంది, దానికి చదునైన పక్కగోడలు కావాలి. ఒకరి రిమ్ము ఇంకొకరికి పనికిరాదు. రెండూ వేర్వేరు మతాలు.

"బెజ్జాన్ని సాగదీయొద్దు"

ఈ వాక్యఖండం మీద వివాదం చాలా ఉంది. సాగదీయడమంటే గుండ్రటి ఆకురాయితో బెజ్జాన్ని కిందికి కోలగా రాకడమని పూర్వులు. చేయి అందని కేలిపరును అట్లా రెండు మూడు మిల్లీమీటర్లు దింపవచ్చని కొందరి ఆశ. కాని బ్రేకు పట్టిన ప్రతిసారీ బోల్టు లాగుడంతా ఆ బెజ్జం అంచుల మీదనే పడుతుంది. కోల బెజ్జంలో బోల్టు ఒకనాడు పైకి జారితే రబ్బరు నేరుగా టైరు మీద కూర్చుంటుంది. మేస్త్రీ నిషేధం దీనికే.

మరి నట్టు సంగతి? పాత ఫ్రేములకు ముందూ వెనకా ఒకే తీరు 6 మి.మీ. బెజ్జం. పాత బోల్టు ఈ పక్క నుంచి ఆ పక్కకు వచ్చి, పైకి కనబడే నట్టుతో బిగిసేది. ఇప్పటి కేలిపర్ల నట్టు గొట్టంలాంటిది, బెజ్జం లోపలికి దిగి కూర్చుంటుంది. దానికి వెనక గోడలో 8 మి.మీ. చోటు కావాలి. ఆ ఒక్క గోడను 8కి తొలవడం సాగదీయడం కాదు, వెడల్పు చేయడమని నవ్యుల మతం. ఫోర్కు నెత్తి దళసరి గనుక అక్కడివరకు మేము నవ్యుల పక్షమే. వెనక చక్రం మీది అడ్డగొట్టం సన్నది, అక్కడ డ్రిల్లు ఆడించడం మాకు సమ్మతం కాదు. అందుకొక యుక్తి ఉంది. కేలిపర్ల జతలో ముందుదాని బోల్టు పొడుగు. ముందువే రెండు కొని ఒకటి వెనక పెడితే, బోల్టు అడ్డగొట్టం దాటి బయటికి వస్తుంది, మామూలు నట్టుతోనే బిగుస్తుంది. గుండ్రటి గొట్టానికి ఆనేలా ఒంపు తీసిన వాషరు మరవరాదు. ఇంత చెప్పినా అంగడివాడు ముందుది ఒకటి, వెనకది ఒకటి కలిపి జతగానే అమ్ముతానంటే దానికి శాస్త్రంలో విరుగుడు లేదు.

"రబ్బరు టైరును ముట్టగూడదు, రిమ్మును ఇడువగూడదు"

ముట్టితే టైరు గోడ అరిగి పగులుతుంది. రబ్బరులో సగం రిమ్ము కిందికి దిగితే ఆ సగం అరగక పెదవిలా మిగిలి, ఒకనాడు రిమ్ము కింద ఇరుక్కుంటుంది. కనుక నడిమినే నిలవాలి. బిగించేటప్పుడు రబ్బరు వెనక కొసకూ రిమ్ముకూ మధ్య పోస్టు కార్డును మూడు మడతలు పెట్టి దూర్చి, నట్టు బిగించి, కార్డు లాగేయాలి. అప్పుడు ముందు కొస మొదట తగులుతుంది, కీచుమనదు.

ఇక్కడ మూలం చెప్పని రహస్యమొకటి. కొన్ని రబ్బర్ల ఇనుప తొడుగుకు ఒక కొస మూసి, ఒక కొస తెరిచి ఉంటుంది. మూసిన కొస సైకిలు ముందువైపు ఉండాలి. తిప్పి పెట్టినా చదును నేల మీద, కేసీ కాలువ గట్టు మీద, ఏమీ కాదు. కానీ కడప, రాయచోటి నడుమ గువ్వలచెరువు ఘాట్ దిగేటప్పుడు చక్రం రబ్బరును ముందుకు ఈడ్చి తొడుగులోంచి ఊడబెరుకుతుంది. అక్కడి పాలకోవ తిన్న తర్వాత దిగవలసిన వాలు గనుక దిగకముందు తొడుగు చూసుకోవడం విహితం.

శంక: వానలో రబ్బరు జారదా? జారుతుంది, ఇనుప రిమ్ము మీద మరీనూ. అయితే ఏడాది మొత్తానికి 700 మి.మీ. అటూ ఇటూ పడే సీమలో ఇది అప్రధానం. 2009 అక్టోబరులో కర్నూలు మునిగినప్పుడు కావలసింది బ్రేకు కాదు, పడవ. మనకు అసలు శత్రువు దుమ్ము. బేతంచెర్ల దారిలో నాపరాళ్ల పొడి రబ్బరులో దిగబడి అల్యూమినియం రిమ్మును గీరి పెడుతుంది. నెలకొకసారి సూదితో ఆ రేణువులు పెరకాలి.

గద్యము

ఇది మేస్త్రీ వాక్యవ్యాఖ్యయందు ముందు బ్రేకు అను ప్రథమాశ్వాసము. వెనక బ్రేకుకు "ముందువి రెండు" ఇచ్చే అంగడి ఇంకా దొరకనందున ద్వితీయాశ్వాసము ఆగి ఉన్నది.